రిపోర్ట్‌లో 9 శాతమే వచ్చినా పేపర్ ఎందుకు వెనక్కి వచ్చింది?

ప్రశ్న క్లుప్తంగా ఇది. పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్న ఒక స్కాలర్, వేరుశనగ వేళ్ల దగ్గరి మట్టిలో ఫాస్ఫేట్‌ను కరిగించే బ్యాక్టీరియా మీద తన మొదటి పేపర్ పంపారు. పేపర్‌లోని మాటలు ఇదివరకటి వచనంతో ఎంత కలుస్తున్నాయో చూపే సిమిలారిటీ రిపోర్ట్‌ను యూనివర్సిటీ లైబ్రరీలో తీయిస్తే 9 శాతం వచ్చింది. పదిలోపే కదా అని గైడ్ సరే అన్నారు. జర్నల్ ఎడిటర్ మాత్రం పేపర్‌ను తోటి శాస్త్రవేత్తల రివ్యూకు కూడా పంపకుండా, ఇంట్రొడక్షన్‌లోనూ మెథడ్స్‌లోనూ మూడు పాత పేపర్ల వాక్యాలు మూలం చెప్పకుండా ఉన్నాయని తిప్పి పంపారు. "ప్రయోగాలు నావి, రీడింగులు నావి, గ్రాఫులు నావి. నాలుగు మామూలు వాక్యాలకు నన్ను దొంగను చేస్తారా? పదాలు మార్చి వేరే జర్నల్‌కు పంపెయ్యమని గైడ్ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి?" అని అడిగారు.

అమ్మా, మీరు దొంగ కాదు. ఎడిటర్ కూడా ఆ మాట అని ఉండరు. పరిశోధన పత్రికల ఎడిటర్లకు ఇలాంటి విషయాల్లో దారి చూపే కోప్ అనే సంస్థ 1997 నుంచి ఉంది. పేపర్‌లో కాపీ కనబడితే ఎడిటర్ ఏం చేయాలో వాళ్లు అంచెలంచెలుగా ఒక పటం గీసి పెట్టారు. వేరొకరి డేటానో, పేరాలకు పేరాలనో తనదిగా చూపించడం అందులో ఒక దారి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు అక్కడక్కడా చిన్న పదబంధాలు ఎత్తి రాయడం వేరే దారి. ఈ రెండో దాంట్లో నింద లేకుండా మామూలు మాటలతో రాసి, తిరగరాయమని అడగాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ కేసు ఈ రెండో దానికే దగ్గరగా ఉంది. కాబట్టి ముందు టెన్షన్ తగ్గించుకోండి.

అయినా ఎడిటర్ చెప్పింది నిజమే. ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్పడం నా బాధ్యత. 26 ఏళ్లు మైక్రోబయాలజీ చెప్పాను, 11 మంది స్కాలర్లకు గైడ్‌గా ఉన్నాను, చివరి ఆరేళ్లు మా యూనివర్సిటీలో ప్లేజియారిజం, అంటే వేరొకరి రాతను తనదిగా చూపించడం మీద వచ్చే ఫిర్యాదులు చూసే కమిటీలో పనిచేశాను. అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మీలాంటి పిల్లలే. రాత్రింబగళ్లు ల్యాబ్‌లో కష్టపడ్డవాళ్లే. ప్రయోగం నాదైనప్పుడు వాక్యం ఎవరిదైతే ఏమిటన్నదే అందరి ప్రశ్న.

మెథడ్స్‌తో మొదలుపెడతాను. అక్కడ కాపీ వాక్యం చేసే నష్టం చాలామందికి కనబడదు.

చాలా ఏళ్ల కిందట నా స్కాలర్ ఒకమ్మాయి థీసిస్ డ్రాఫ్ట్ తెచ్చింది. మెథడ్స్ చాప్టర్ ఎంతో శుభ్రంగా ఉంది. 'వేరుచేసిన బ్యాక్టీరియాను గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర భద్రపరిచాం' అని ఒక వాక్యం. మా డిపార్ట్‌మెంట్‌లో అప్పటికి మైనస్ 80 ఫ్రీజర్ లేనే లేదు. ఉన్నది మైనస్ 20 ది ఒక్కటే. కరెంటు పోయినప్పుడు తలుపు తీయొద్దని దానిమీద కాగితం అంటించి ఉండేది. అడిగితే ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. "మేడమ్, నేను స్లాంట్ల మీద (గొట్టంలో వాలుగా గడ్డకట్టించిన ఆహారం మీద) పెంచి మామూలు ఫ్రిజ్‌లోనే పెట్టాను. నెలకోసారి కొత్త స్లాంట్‌లోకి మార్చాను. పేపర్‌లో ఆ వాక్యం అలా ఉంది, అందరూ అలాగే రాస్తున్నారు కదా అని రాశాను." దాని కింద వాక్యంలో, గొట్టాలను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ వేగం 10,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు అని ఉంది. మా సెంట్రిఫ్యూజ్ 5,000 దాటదు.

ఇందులో చెడ్డ ఉద్దేశం ఎక్కడా లేదు. జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు. ఆ అమ్మాయి బ్యాక్టీరియా మొదటి ఏడాది కాలనీ చుట్టూ, ఫాస్ఫేట్ కరిగిన చోట ఏర్పడే చక్కటి వలయాలు ఇచ్చింది. రెండో ఏడాది అవే బ్యాక్టీరియా, వాటిని పెంచే మీడియం అదే, వలయాలు చిన్నవైపోయాయి. ఎందుకో తెలియక ఆరు నెలలు తల పట్టుకుంది. ఫాస్ఫేట్ కరిగించే బ్యాక్టీరియాలో కొన్ని, పదే పదే కొత్త మీడియంలోకి మారుస్తుంటే ఆ శక్తిని పోగొట్టుకుంటాయి. అంటే కారణం నిల్వ చేసిన పద్ధతిలోనే ఉండి ఉండవచ్చు. కానీ ఆ థీసిస్ చదివే ఎగ్జామినర్‌కు ఆ అనుమానం ఎలా వస్తుంది? మైనస్ 80 అని రాసి ఉందాయె. రేపు ఇంకో ఊళ్లో ఇంకో స్కాలర్ ఆ పని మళ్లీ చేసి చూసి, వేరే ఫలితం వస్తే తప్పు తనదనుకుంటాడు. సెంట్రిఫ్యూజ్ సంగతీ అంతే. ఆర్‌పీఎం ఒకటే అయినా రోటర్ వ్యాసార్థం మారితే గొట్టం మీద పడే బలం మారిపోతుంది. వేరొకరి అంకె మీ యంత్రానికి అర్థం లేని అంకె.

మెథడ్స్‌లో ప్రతి వాక్యమూ 'ఇది నేను చేశాను' అని మీరు ఇచ్చే సాక్ష్యం. వేరొకరి వాక్యాన్ని మక్కీకి మక్కీ దించితే, వాళ్లు చేసింది మీరు చేశానని చెప్పినట్టు. అది నిజమైతే కావచ్చు, కాకపోతే కాకపోవచ్చు. చదివేవాడికి తెలిసే దారి లేదు. అందుకే మీరు 'మామూలు వాక్యాలు' అన్నప్పుడు నాకు కష్టంగా అనిపించింది.

అలాగని ప్రామాణిక పద్ధతిని కవిత్వంలా కొత్తగా రాయమని ఎవరూ అడగరు. పికోవ్‌స్కాయ 1948లో ఇచ్చిన మీడియంలో లీటరుకు 5 గ్రాముల ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఉంటుంది. దాన్ని ఎవరు రాసినా దాదాపు అలాగే రాస్తారు. కరిగిన ఫాస్ఫేట్‌ను నీలిరంగుతో కొలిచే మర్ఫీ, రైలీల 1962 నాటి పద్ధతీ అంతే. పద్ధతి పేరు చెప్పి, అసలు పేపర్‌ను రిఫర్ చేసి, మీరు చేసిన మార్పులు మాత్రం రాస్తే సరిపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు తీసుకున్నారు, ఎన్ని రోజులు ఉంచారు, పీహెచ్ ఎంత పెట్టారు, ఎన్నిసార్లు చేశారు అన్నవి కావాలి. అమెరికాలో పరిశోధన నైతికతను చూసే ప్రభుత్వ కార్యాలయం ఓఆర్‌ఐ కూడా, అందరూ వాడే పద్ధతిని వర్ణించే కొద్దిపాటి ఒకేలాంటి పదబంధాలను పట్టించుకోబోమని 1994లోనే చెప్పింది. మీ ఎడిటర్ అభ్యంతరం వీటి మీద అయి ఉండదు. మెథడ్స్‌లో వరుసగా ఏడెనిమిది వాక్యాలు ఒకే పేపర్‌తో కలిసి, ఆ పేపర్ మీ రిఫరెన్సుల్లో లేకపోతేనే ఇలాంటి ఉత్తరం వస్తుంది. ఒకసారి చూసుకోండి.

ఇక ఇంట్రొడక్షన్. ఇక్కడ వాక్యంతోపాటు దాని తోకకున్న రిఫరెన్సులు కూడా దిగుమతి అవుతాయి. ఆ రిఫరెన్సులను మీరు చదవలేదు. వాటిని రాసినాయన కూడా చదివి ఉండకపోవచ్చు. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు భలే పని చేశారు. ఒక ప్రసిద్ధ భౌతిక శాస్త్ర పేపర్‌ను పేర్కొన్న 4,300కు పైగా రిఫరెన్సులను తీసి, వాటిలో అచ్చుతప్పులు వెతికారు. 196 తప్పులు దొరికాయి. కానీ వేరువేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పేజీ నంబరు 78 చోట్ల ఉంది! 78 మంది విడివిడిగా అదే అంకెను పొరబడరు కదా. ఒకరి జాబితా చూసి ఒకరు దించుకున్నారన్నమాట. ఈ లెక్కల మీద వాళ్లు వేసిన అంచనా ప్రకారం, ఒక పేపర్‌ను పేర్కొన్నవాళ్లలో అసలు పేపర్ చదివింది ఇంచుమించు 20 శాతం. ఈ గొర్రెదాటులో ఎవరో ఒకరు అసలు పేపర్ చెప్పనిమాట చెప్పిందని రాస్తే, అది పదేళ్లకు 'అందరికీ తెలిసిన విషయం' అయి కూర్చుంటుంది.

ఇంగ్లిష్ రాయడం కష్టమని కూడా రాశారు. ఆ కష్టం నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఒక్క పేరా రాయడానికి సాయంత్రమంతా పట్టేది. అచ్చులో ఉన్న వాక్యం చూస్తే, ఇంతకన్నా బాగా నేనెలా రాయగలను అనిపిస్తుంది. 2007లో టర్కీకి చెందిన కొందరు భౌతిక శాస్త్రవేత్తల పేపర్లు దాదాపు 70 దాకా, వేరేవాళ్ల వచనం వాడారన్న కారణంతో జర్నల్‌లో అచ్చవక ముందే పేపర్లు ఉంచే ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ భాండాగారం నుంచి తొలగించారు. వాళ్లలో ఒకాయన నేచర్ పత్రికకు ఉత్తరం రాసి, ఇది చౌర్యం కాదు, మెరుగైన ఇంగ్లిష్‌ను అరువు తెచ్చుకున్నాం అంతే అన్నారు. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు కోపం రాలేదు, బాధేసింది. ఆ మాట మన క్యాంపస్‌లలో నేను ఎన్నిసార్లు విన్నానో! కానీ అరువు తెచ్చుకున్నవాడు ఎవరి దగ్గర తెచ్చుకున్నాడో చెబుతాడు. అది చెప్పకపోవడమే ఇక్కడ గొడవంతా.

దీనికి నేను నా స్కాలర్లతో చేయించిన పని చెబుతాను. పేపర్ చదివాక మూసేయండి. పక్కనున్న స్నేహితురాలికి, లేదా ఇంట్లో అమ్మకు, అందులో ఏముందో తెలుగులో చెప్పండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మళ్లీ విని, చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయండి. గ్రామర్ తప్పులు ఎన్నైనా రానివ్వండి, తర్వాత ఎవరైనా దిద్దుతారు. పేపర్ పక్కన పెట్టుకుని రాస్తే మాత్రం చెయ్యి తెలియకుండానే దాని వెంట పోతుంది.

ఒక ఉదాహరణ. ఇలాంటి వాక్యం మీరు చాలాచోట్ల చూసి ఉంటారు: 'నత్రజని తర్వాత మొక్కలకు అత్యంత ముఖ్యమైన పోషకం భాస్వరమే అయినప్పటికీ, నేలలోని భాస్వరంలో అధికభాగం కరగని రూపంలో ఉండటం వల్ల మొక్కలకు అందదు.' మామూలుగా స్కాలర్లు దీన్ని ఇలా మారుస్తారు: 'మొక్కలకు నత్రజని తరువాత కీలకమైన పోషకం భాస్వరం అయినా, మట్టిలోని భాస్వరంలో ఎక్కువ శాతం కరగని స్థితిలో ఉన్నందున మొక్కలకు లభించదు.' మాటలు మారాయి గాని ఎముకల గూడు అదే. దీన్ని కూడా కాపీ కిందే లెక్కేస్తారు. ఇప్పుడు పేపర్ మూసేసి మీ పొలం గుర్తుచేసుకుని రాయండి. మీవి ఆమ్ల గుణమున్న ఎర్ర నేలలైతే: 'మేం నమూనాలు తీసిన ఎర్ర నేలల్లో ఏటా ఫాస్ఫేట్ ఎరువు వేస్తున్నా, అది ఇనుము, అల్యూమినియంతో బిగుసుకుపోయి పైరుకు కొద్దిగానే అందుతుంది.' ఈ వాక్యం మీది. ఇది రాయగానే మీకే ఒక అనుమానం రావాలి. నేలలో భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో కలిసి ఉంటే, నేను బ్యాక్టీరియాను పరీక్షించింది కాల్షియం ఫాస్ఫేట్ మీద కదా? అక్కడ కరిగించినది ఇక్కడ కరిగిస్తుందా? రివ్యూయర్ అడగబోయే మొదటి ప్రశ్న అదే అమ్మా. ఎత్తి రాసిన వాక్యం ఆ ప్రశ్నను మీకు తట్టనివ్వలేదు.

ఇప్పుడు 9 శాతం సంగతి. ఈ పది శాతం అనే గీత యూజీసీ 2018 నిబంధనల నుంచి వచ్చింది. 10 శాతం దాకా సున్నా స్థాయి, శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు థీసిస్ సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వడానికి లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇంతవరకు అందరికీ నోటికి వచ్చు. అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది, దాన్ని చదివినవాళ్లు తక్కువ. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు వంటివి సొంత ఆలోచనతో ఉండాలి, వాటిలో పోలికలే ఉండకూడదు అని ఉంది. యాదృచ్ఛికంగా కలిసే మాటలకు వరుసగా 14 పదాల దాకా మినహాయింపు ఇచ్చారు. అంటే పదిలోపు ఏం చేసినా పర్వాలేదని ఆ నిబంధనలు అనలేదు. శిక్ష ఎక్కడ మొదలవుతుందో మాత్రమే చెప్పాయి. పైగా అవి యూనివర్సిటీ కోసం. జర్నల్‌కు వాటితో పని లేదు.

సాఫ్ట్‌వేర్ చేసేది ఒక్కటే. మీ పదాల వరుసలను తన దగ్గరున్న వచనంతో పోల్చి, కలిసినవాటికి రంగు వేస్తుంది. అది కాపీయా కాదా అన్నది చెప్పదు. చెప్పలేదు కూడా. 5,000 పదాల పేపర్‌లో 9 శాతం అంటే 450 పదాలు. ఆ 450 అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా, బ్యాక్టీరియా పేర్లు, రసాయనాల పేర్లు, అలవాటు పదబంధాలుగా ఉంటే చింతే లేదు. అవే 450 ఒకేచోట గుంపుగా ఉంటే ఒక పేజీ నిండా వేరొకరి వచనం ఉన్నట్టు. అంకె రెండింటికీ ఒకటే. కమిటీలో మేం 32 శాతం వచ్చిన థీసిస్‌ను ఏ అభ్యంతరమూ లేకుండా పంపించాం, ఎందుకంటే అందులో చాలాభాగం ఆ స్కాలర్ సొంత పేపర్లే, ప్రతి చాప్టర్ మొదట్లో ఆ సంగతి రాసి ఉంది. 7 శాతం వచ్చినదాన్ని ఆపాం, ఎందుకంటే ఆ ఏడూ డిస్కషన్‌లో ఉన్నాయి. రిఫరెన్సులు, కోట్ చేసినవి మినహాయించే సెట్టింగ్ పెట్టి తీశారా, చిన్న పోలికలను ఎన్ని పదాల దాకా వదిలేశారు అన్నదాన్ని బట్టి కూడా అంకె మారిపోతుంది. కాబట్టి రిపోర్ట్ మొదటి పేజీ మీద ఉండే శాతాన్ని వదిలేసి లోపలి పేజీలు చూడండి. రంగు పడ్డ ప్రతి చోటా ఆగి, ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి చెప్పానా అని చూసుకోండి.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకు ఒక మాట. యూనికోడ్‌లో లేని పాత ఫాంట్లలో టైప్ చేసిన వచనాన్ని ఈ సాఫ్ట్‌వేర్లు అక్షరాలుగా పోల్చుకోలేవు. ఇంగ్లిష్ పుస్తకం నుంచి అనువదించిన పేరా కూడా దానికి కొత్తగానే కనబడుతుంది. సున్నా శాతం వచ్చిందని సంతోషపడటానికి అందులో ఏమీ లేదు. చదివే ఎగ్జామినర్‌కు ఆ ఇంగ్లిష్ పుస్తకం తెలిసే ఉంటుంది.

'అందరూ చేస్తారు' అనే మాట కూడా సరిచూడాలి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో సిట్రాన్, గిన్స్‌పార్గ్ అనే ఇద్దరు, ఆర్కైవ్‌లో 1991 నుంచి 2012 దాకా చేరిన దాదాపు 7,57,000 పేపర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూశారు. గిన్స్‌పార్గే ఆర్కైవ్‌ను మొదలుపెట్టినాయన. వాళ్లు పోలికలను మూడు రకాలుగా విడదీశారు: సొంత పాత పేపర్ నుంచి తీసుకున్నది, వేరొకరిది తీసుకుని వారి పేరు చెప్పింది, వేరొకరిది తీసుకుని చెప్పనిది. సొంత వచనం మళ్లీ వాడటం చాలా మామూలుగా కనబడింది. కానీ వేరొకరి వచనాన్ని చెప్పకుండా పెద్ద ఎత్తున వాడేవాళ్లు కొద్దిమందే, వాళ్లే మళ్లీ మళ్లీ చేస్తున్నారు. అలా ఎక్కువగా వాడిన పేపర్లను తర్వాతి పరిశోధకులు తక్కువగా ఉటంకించారని కూడా తేలింది. అందరూ చేస్తారన్నది మన డిపార్ట్‌మెంట్ కారిడార్ దాకానే నిజం. ఆ కారిడార్‌లో ఉన్నప్పుడు ప్రపంచమంతా అంతే అనిపిస్తుంది, అది వేరే సంగతి.

'పదాలు మార్చి వేరే జర్నల్‌కు పంపు' అన్న సలహా మాత్రం దయచేసి పాటించకండి. మీ గైడ్ చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. వాళ్ల కాలంలో ఎవరూ ఇంత జల్లెడ పట్టేవారు కాదు. కానీ పదాలు మార్చే సాఫ్ట్‌వేర్లకు అప్పగిస్తే ఏమవుతుందో 2021లో లోకమంతా చూసింది. కబనాక్, లాబే, మగజినోవ్ అనే ముగ్గురు, పేపర్లలో వింత పదబంధాలను ఏరడం మొదలుపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అని ఉంది, అంటే నకిలీ స్పృహ. బ్రెస్ట్ క్యాన్సర్ 'బూజమ్ పెరిల్' అయింది, అంటే రొమ్ము గండం. కాపీ పట్టుబడకుండా యంత్రంతో పర్యాయపదాలు పెట్టించిన ఫలితం. ఇలాంటివాటికి 'చిత్రహింసకు గురైన పదబంధాలు' అని అర్థం వచ్చే పేరు పెట్టి, వాటి జాబితాతో పేపర్లను జల్లెడ పట్టే పరికరం తయారుచేశారు. దాని వల్ల పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పటి ఏఐ పరికరాలు ఇంత మోటుగా రాయవు, నిజమే. కానీ ఎత్తిన వాక్యాన్ని అవి ఎంత నున్నగా మార్చినా, మైనస్ 80 మైనస్ 80గానే ఉంటుంది. మీరు సొంతంగా రాసిన పేరాలో గ్రామర్ దిద్దించుకోవడం వేరు. జర్నల్ ఒప్పుకుంటే, ఆ సంగతి చెప్పి, చేయించుకోండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ అంశం మీద పనిచేసేవాళ్లు కొద్దిమందే. రెండో జర్నల్ ఎడిటర్ పేపర్‌ను రివ్యూకు పంపితే, అది ఎవరి వాక్యాలు మీరు తీసుకున్నారో వాళ్ల దగ్గరికే వెళ్లే అవకాశం చాలా ఉంది. అప్పుడు గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది.

మీ సొంత కాన్ఫరెన్స్ పేపర్‌లోని మాటలు మళ్లీ వాడొచ్చా అని చివర్లో అడిగారు. యూజీసీ 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటీసు ప్రకారం, ఇదివరకు అచ్చయిన సొంత పనిని తగినట్టు పేర్కొనకుండా కొత్తదిగా చూపించి ప్రయోజనం పొందడం ఒప్పుకోరు. అమెరికా ప్రభుత్వం మాత్రం 2024లో సవరించిన నిబంధనల్లో, సొంత వచనాన్ని తిరిగి వాడటం ప్లేజియారిజం నిర్వచనం కిందికి రాదని స్పష్టంగా రాసింది. నా అభిప్రాయం ఈ రెండింటి మధ్య ఉంటుంది. ఒకే ప్రయోగ పద్ధతిని మీ మాటల్లోనే మళ్లీ రాయడం తప్పు కాదు, ఒక్కోసారి అదే మంచిది కూడా. అనవసరంగా మాటలు మారిస్తే పద్ధతి మారిందేమో అనుకుంటారు. పాత పేపర్‌ను రిఫర్ చేసి, కవరింగ్ లెటర్‌లో ఎడిటర్‌కు ఒక వాక్యం రాయండి. సరిపోతుంది.

అదే డేటాను రెండుసార్లు వేసి ఆ సంగతి చెప్పకపోవడం మాత్రం ప్రమాదం. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ట్రామెర్, ఆయన సహచరులు ఒండాన్‌సెట్రాన్ మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ తిరగేశారు. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆపడానికి ఇచ్చే మందు అది. అచ్చయిన పూర్తి రిపోర్టుల్లో 17 శాతం, రోగుల డేటాలో 28 శాతం రెండోసారి వచ్చినవేనని తేలింది. ఫలానా పేపర్‌లో ఇదివరకే వచ్చిందని వాటిలో లేదు. వాటిని కూడా కలిపి లెక్కకడితే ఆ మందు పనితనం 23 శాతం ఎక్కువగా కనబడింది. ఒక రోగి రెండుసార్లు లెక్కలోకి వస్తే మోతాదు నిర్ణయించే డాక్టర్ మోసపోతాడు. మూలం చెప్పడం అంటే మర్యాదకు పేరు రాయడం మాత్రమే అనుకునేవాళ్లకు నేను క్లాసులో ఈ ఉదాహరణే చెప్పేదాన్ని.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నది మీకు అన్నిటికన్నా పెద్ద భయం అని నాకు అర్థమవుతోంది. ఆయన పేరు కూడా పేపర్ మీద ఉంది, ఆ సంగతే గుర్తుచేయండి. 2011లో సి.ఎన్.ఆర్. రావు గారంతటి శాస్త్రవేత్త సహరచయితగా ఉన్న పేపర్ ఒకటి అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ పత్రికలో వచ్చింది. దాని ఇంట్రొడక్షన్‌లో కొన్ని వాక్యాలు వేరే బృందం 2010 పేపర్‌లోవి. ఫలితాలు పూర్తిగా వాళ్లవే, పేపర్ రద్దు కాలేదు. అయినా రచయితలు ఆ పత్రికలోనే క్షమాపణ అచ్చువేయాల్సి వచ్చింది, దేశంలో వార్తాపత్రికలన్నీ రాశాయి. అంతకుముందు 2003లో కుమావూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ఇలాంటి ఆరోపణ మీద పదవి వదులుకున్నారు. స్టాన్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్తలు ఏకంగా రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారికి ఉత్తరం రాశారు. మన దగ్గర, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడి పేపర్లు దాదాపు 70, కాపీవో కల్పితమో అని 2008లో బయటపడి అంతర్జాతీయంగా వార్త అయింది. మీ కేసుకూ దానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. కానీ తర్వాత ఆ రాష్ట్రం నుంచి పేపర్ పంపిన ప్రతి కుర్రాడి మీదా ఒక అనుమానపు చూపు పడిన రోజులు నేను చూశాను. ఆ రోజుల్లో నిజాయితీగా పనిచేసిన మా పిల్లల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

గైడ్‌తో వాదించకండి. రిపోర్ట్ ప్రింట్ తీసి, రంగు పడ్డ చోట్ల పక్కనే మీరు తిరగరాసినవి పెట్టి, "సర్, ఈ నాలుగు పేరాలు మళ్లీ రాశాను, ఒకసారి చూడండి. అదే జర్నల్‌ను అడుగుదాం" అనండి. పని పూర్తి చేసి తెచ్చినదానికి చాలామంది గైడ్లు కాదనరు. అయినా ఒప్పుకోకపోతే, 2018 నిబంధనల ప్రకారం మీ డిపార్ట్‌మెంట్‌లో అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ ఉండాలి. ఫిర్యాదు చేయక్కర్లేదు. అందులో మీకు నమ్మకమున్న సీనియర్ ప్రొఫెసర్‌ను సలహా అడగండి చాలు.

ఎడిటర్‌కు ఈ వారంలోనే జవాబు రాయండి. పొడుగ్గా వద్దు, ఏడుపు వద్దు. మీరు ఎత్తి చూపిన వాక్యాలు చూశాం, అవి మా పొరపాటు, ఆ భాగాలు పూర్తిగా తిరగరాసి, మూలాలు పేర్కొని, కొత్త సబ్మిషన్‌గా పంపవచ్చా అని అడగండి. తిప్పి పంపినవాళ్లు అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను, కానీ ఇలా అడిగినవాళ్లకు తలుపు తెరిచిన ఎడిటర్లు నాకు తెలుసు. కాదంటే అప్పుడు తిరగరాసిన పేపర్‌ను వేరే జర్నల్‌కు పంపండి, అందులో తప్పేమీ లేదు. ఇదే పద్ధతిలో రాసి ఇప్పటికే అచ్చయినది ఏదైనా ఉంటే, దాచకుండా గైడ్‌తో కలిసి ఆ పత్రికకు రాసి కరెక్షన్ అడగండి.

తిరగరాయడం మెథడ్స్‌తో మొదలుపెట్టండి. పాత డ్రాఫ్ట్ తెరవొద్దు, ల్యాబ్ నోట్‌బుక్ ఒక్కటే ముందు పెట్టుకోండి. అందులో లేనిది ఏదైనా రాయాల్సి వస్తే లేచి ల్యాబ్‌లోకి వెళ్లి ఆ ఫ్రీజర్ మీద డిగ్రీలు ఎంత ఉన్నాయో, ఆ సెంట్రిఫ్యూజ్ రోటర్ మీద ఏం రాసి ఉందో చూసి వచ్చి రాయండి. ఇంట్రొడక్షన్ ఆఖర్న రాద్దురు గాని.